వేలిముద్ర వేసినవాళ్ల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో 2008లో క్రైస్తవుల మీద జరిగిన దాడుల గురించి పోయిన వారం మీ పత్రికలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. చంపినా మతం వదలనివాళ్లదే విశ్వాసమనీ, ప్రాణభయంతో గుండు గీయించుకుని, హిందువులుగా మారుతున్నామన్న కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్లను క్రైస్తవులు ఇంకా తమ లెక్కలో వేసుకోవడం ఏం న్యాయమనీ అడిగారాయన. హేళనగా అడిగినట్టు లేదు. ఇదే మాట మా సంఘం పెద్దల నోటా విన్నదాన్ని కాబట్టి జవాబు రాయాలనిపించింది.

నేను హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు సాంఘికం చెప్పి రిటైరయ్యాను. మాది సోంపేట. ఒడిశా మాకు పక్కిల్లు లాంటిది, మా ఇళ్లలో చాలామందికి ఒడియా వచ్చు. 2008 ఆగస్టు 23 రాత్రి, కృష్ణాష్టమి వేళ, కంధమాల్‌లోని జలేస్‌పేట ఆశ్రమంలో విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతినీ మరో నలుగురినీ చంపేశారు. ఆ పని మాదేనని మావోయిస్టులు ప్రకటించుకున్నారు. అది ఘోరం, అందులో రెండో మాట లేదు. కానీ ఆ కోపమంతా వెళ్లి కొండల్లో పసుపు పండించుకునే పాణో దళిత, కంధ గిరిజన క్రైస్తవుల మీద పడింది. చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలో 39 మంది, చర్చి లెక్కలో అంతకు రెట్టింపు పైమాటే. వేలమంది అడవుల్లో దాక్కుని, అక్కణ్నుంచి రైకియా, జి.ఉదయగిరి శిబిరాలకు చేరారు.

అందులో ఒక కుటుంబం ఆ ఏడాది దీపావళి వెళ్లాక జీడి ఫ్యాక్టరీ పనికి మా వైపు వచ్చింది. మా పెరట్లో ఉన్న రేకుల గదిలో రెండేళ్లకు పైగా ఉన్నారు. వచ్చిన మొదట్లో అతను తలకు తువ్వాలు విప్పేవాడు కాదు. భార్యే ఒకరోజు చెప్పింది. గుంపు వచ్చి, గొడ్డలి చూపించి, పిల్లల ముందే అతనికి గుండు గీశారట. "నా ఇష్టంతోనే మారుతున్నాను" అని రాసున్న కాగితం మీద వేలు పట్టి ముద్ర వేయించారట. ఆ రాత్రే అడవిలోకి పారిపోయారు.

ప్రతి ఆదివారం మా చర్చికి వచ్చేవాడు. లోపలికి మాత్రం రాడు, చెప్పులు విడిచే చోట గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మా దగ్గర నెల మొదటి ఆదివారం బల్ల ఆరాధన, అంటే యేసు చివరి భోజనానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. రొట్టె పళ్లెం వరసల్లో తిరగడం మొదలుపెట్టగానే లేచి గేటు అవతలకి వెళ్లిపోయేవాడు. మా పెద్దల్లో ఒకాయన "వెళ్లనివ్వండి, అతనికే తెలుసు" అన్నాడు. ఇంకొకాయన మళ్లీ బాప్తీస్మం తీసుకుంటే చూద్దామన్నాడు. ఈ మాట అన్నవాళ్లెవరి తల మీదా ఎవరూ గొడ్డలి పెట్టలేదు. నేనూ ఆ రోజు నోరు మెదపలేదు, అది కూడా రాయాలి.

చరిత్ర టీచర్ని కదా, నాకు గుర్తొచ్చింది వేరే. క్రీ.శ. 250 ప్రాంతంలో రోమ్ చక్రవర్తి డేసియస్ అందరూ దేవతలకు బలి ఇచ్చి, ఇచ్చినట్టు సర్టిఫికెట్ తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. ఆ కాగితాలు కొన్ని ఈజిప్టులో దొరికాయి. భయపడి తీసుకున్న క్రైస్తవులు వేలల్లో ఉన్నారు, కొందరు లంచమిచ్చి కొనుక్కున్నారు. గొడవ సద్దుమణిగాక వాళ్లను మళ్లీ చర్చిలో చేర్చుకోకూడదని రోమ్‌లో నొవాషియన్ అనే ఆయన పట్టుబట్టాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్, మిగతా బిషప్పులు కలిసి, పశ్చాత్తాపపడిన వాళ్లకు తలుపు తెరిచే ఉంచాలని 251లో తేల్చారు. ఆ సిప్రియన్ కూడా డేసియస్ కాలంలో తప్పించుకుని దాక్కున్నవాడే. 258లో మాత్రం విశ్వాసం వదలక తల నరికించుకున్నాడు. ఇంత దూరం ఎందుకు, కోడి కూయకముందు మూడుసార్లు ఎరగనన్న పేతురు పేరు పెట్టిన చర్చిలు మన జిల్లాల్లోనే ఎన్ని లేవు?

కంధమాల్ మృతుల్లో కాంతేశ్వర్ దిగల్, మరో 34 మంది పేర్లతో పునీతులుగా (సెయింట్లుగా) ప్రకటించే ప్రక్రియ మొదలుపెట్టడానికి 2023 అక్టోబరులో వాటికన్ ఒప్పుకుంది. సంతోషమే. వాళ్ల ధైర్యం ముందు నేనెంత! కానీ బతికి, తల వంచి, ఆ తర్వాత కూడా ఆదివారం గోడ పక్కకొచ్చి కూర్చున్నవాడికి ఏ జాబితా ఉంది? కోర్టు జాబితా చూస్తే, ఆ దాడుల మీద పెట్టిన 827 కేసుల్లో 315 నిందితులు దొరకలేదనో మరో కారణంతోనో మూతపడ్డాయి. వాటిని మళ్లీ చూడమని 2016 ఆగస్టు 2న సుప్రీంకోర్టు చెప్పింది. మా పెరట్లో ఉన్న అతని కేసు ఆ 827లోనూ లేదు, అతను పెట్టలేదు కాబట్టి.

మీకు నాదొక మనవి. ఇలాంటివాళ్ల గురించి రాసేటప్పుడు "మతం మారినవారు" అని వదిలేయకండి. గొడ్డలి సంగతి కూడా ఆ వాక్యంలోనే రాయండి.

ఇంకొకటి చెప్పాలి. మా పెరట్లో ఉన్న ఆ కుటుంబం విత్తనం పసుపు తవ్వి దాచిపెట్టింది పక్కింటి హిందువు కంధ ముసలాయన. 2011లో వీళ్లు తిరిగి వెళ్తే బస్తా తెచ్చి గుమ్మంలో పెట్టాడట. వెళ్లేముందు ఆవిడ మొగుడి చెయ్యి పట్టి నాకు చూపించి, "జీడి రసానికి గీతలన్నీ పోయాయి టీచరమ్మా, ఇప్పుడెవరడిగినా ముద్ర పడదు" అని నవ్వింది. అతనూ నవ్వాడు.

క్రిస్మస్‌కు ఫోన్ చేస్తాడు. వానలు, పసుపు రేటు, పిల్లల చదువులు అన్నీ చెబుతాడు. బల్ల తీసుకుంటున్నావా అని నేనింతవరకు అడగలేదు.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా