పాత ట్రక్కు కొనేవారు ముందు డీజిల్ లెక్క చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో సొంత ట్రక్కుతో సరకు రవాణాలోకి దిగాలనుకునే మన తెలుగు యువకులు కొందరు నన్ను సలహా అడుగుతుంటారు. ధర ఎంత, ఎన్ని మైళ్ళు తిరిగింది అన్న దగ్గరే వాళ్ళ ప్రశ్నలు ఆగిపోతాయి. పన్నెండేళ్ళుగా ఈ బండ్ల మీదే బతుకుతున్నవాడిగా, మొదట అడగవలసింది మైలేజీ, అంటే గాలను (సుమారు 3.8 లీటర్లు) డీజిల్‌కు ఎన్ని మైళ్ళు నడుస్తుందన్నదాని గురించేనని మీ పత్రిక ద్వారా చెప్పదలిచాను.

ఏడాదికి లక్ష మైళ్ళు తిరిగే బండి గాలనుకు 6 మైళ్ళు ఇస్తే సుమారు 16,700 గాలన్ల డీజిల్ కావాలి, 7.5 ఇస్తే 13,300 చాలు. గాలను 4 డాలర్లు అనుకున్నా ఏటా తేడా 13,000 డాలర్లు దాటుతుంది. బేరమాడి మిగుల్చుకున్న నాలుగైదు వేలు ఆరు నెలలు తిరగకుండానే ట్యాంకులో కరిగిపోతాయి.

నా మొదటి బండితో నాకు జరిగింది ఇదే. పొడవాటి ముక్కు, తళతళలాడే పొగగొట్టాలు చూసి మనసు పారేసుకున్నాను. అమ్మినాయన డ్యాష్‌బోర్డు మీద 6.8 అంకె చూపించాడు. మూడు నెలల పాటు పోయించిన ప్రతి గాలనూ నోటుపుస్తకంలో రాసుకుంటే తేలింది 5.6. ఆ బండి వెనక యాక్సిల్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్సు నుంచి వచ్చే కడ్డీ తిరిగే చుట్లు, 3.90; పై గేరులో ఆ కడ్డీ ఒక చుట్టుకు ఇంజను తిరిగేది 0.73. మైలుకు 515 చుట్లు తిరిగే టైర్లతో గంటకు 65 మైళ్ళ వేగంలో ఇంజను నిమిషానికి దాదాపు 1,590 చుట్లు తిరగవలసి వచ్చేది. అదే గేర్‌బాక్సుకు 3.36 యాక్సిల్ ఉంటే 1,370 దగ్గర నడుస్తుంది, ఆ మేరకు డీజిల్ మిగులుతుంది. ఈ రేషియో వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ మీది చిన్న రేకు మీద ఉంటుంది, రేకు ఊడిపోయి ఉంటే చాసిస్ నంబరు చెప్పి డీలరు దగ్గర తయారీ వివరాలు తీసుకోవచ్చు. అయితే కొండదారుల్లో బరువైన సరకు లాగేవారికి తక్కువ రేషియో మంచిది కాదు, ఎక్కుడులో ఇంజను ఈడ్చుకుంటూ కష్టపడుతుంది.

రెండో సంగతి ఇంజను కంప్యూటర్ రిపోర్టు. నాలుగున్నర లక్షల మైళ్ళు తిరిగిన బండికి ఇంజను గంటలు 15,000 ఉన్నాయంటే సగటు వేగం గంటకు 30 మైళ్ళే. అంటే హైవే మీద తిరిగినదానికన్నా నిలబడి ఇంజను ఆడించిన కాలమే ఎక్కువై ఉండాలి, లేదా అది ఊళ్ళలో తిరిగిన బండి అయి ఉండాలి. నిలబెట్టి ఆడిస్తే గంటకు దాదాపు 0.8 గాలను ఖర్చవుతుంది; పది గంటల విశ్రాంతికి 8 గాలన్లు. స్లీపర్‌లో (సీటు వెనక ఉండే పడక అరలో) పడుకునేవారికి ఏసీ, కరెంటు కోసం వేరుగా చిన్న ఇంజను ఉన్న బండి అందుకే లాభం. మసి వడపోత ఎంత తరచుగా తనను తాను కాల్చి శుభ్రం చేసుకుంటోందో కూడా ఆ రిపోర్టులోనే చూడాలి, ఎందుకంటే అలా కాల్చిన ప్రతిసారీ అదనపు డీజిల్ పోతుంది.

ఇక ఆకారం. హైవే వేగంలో చక్రాలకు అందే శక్తిలో సగం దాకా గాలిని చీల్చడానికే పోతుంది కాబట్టి, ముక్కు వంపుగా ఉండి, ట్యాంకుల పక్కన రేకులు, పైకప్పు మీద గాలి మళ్ళించే కప్పు చెక్కుచెదరకుండా ఉన్న ఫ్రైట్‌లైనర్ క్యాస్కేడియా, కెన్‌వర్త్ టీ680, వోల్వో వీఎన్ఎల్ వంటి బండ్లను ముందు చూడమంటాను. పొడవాటి ముక్కు మీద ప్రేమ నాకూ ఉంది, కానీ అప్పు తీర్చేవాడికి అది తగని ఖరీదు. గంటకు 55 మైళ్ళు దాటాక వేగం మైలు చొప్పున పెరిగేకొద్దీ గాలనుకు సుమారు 0.1 మైలు తగ్గుతుందన్నది ఈ వృత్తిలో పాతలెక్క. నా నోటుపుస్తకమూ దాదాపు అదే చెబుతోంది.

కంప్యూటర్ రిపోర్టు తీయనివ్వనంటే ఆ బండిని అక్కడే వదిలెయ్యమని అందరికీ చెబుతాను. నేను అలా రెండు వదిలేసి వచ్చాను. మూడోదాన్నే ఇప్పుడు నడుపుతున్నాను. నోటుపుస్తకం లెక్కలో 7.4 ఇస్తోంది.

ఇట్లు,
సొంత ట్రక్కు నడుపుకుంటున్న ఒక పాఠకుడు