నా వైకల్యానికి గడువు వేశారు, మంత్రిగారూ

దివ్యాంగుల సంక్షేమ శాఖ మంత్రిగారికి, కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి నమస్కారాలు.

సోమవారం అర్జీల్లో రాసినవన్నీ మళ్ళీ రాయను. ప్రతి అర్జీకీ 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోనుకు సందేశం వచ్చింది కాబట్టి మీ లెక్కలో నాకు సమస్యే లేదు. ఉన్నట్టు నాకూ మా అమ్మకూ మాత్రమే అనిపిస్తోంది.

నాది సెరిబ్రల్ పాల్సీ. పుట్టగానే ఏడవలేదట. ఊపిరి అందక మెదడులో దెబ్బతిన్న భాగం మళ్ళీ బాగుపడదు. ఫిజియోథెరపీ చేయిస్తే కీళ్ళు మరీ ముడుచుకుపోకుండా ఉంటాయి, అంతే. ఈ సంగతి మీ వైద్యులకు నాకంటే బాగా తెలుసు. మరి నా వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం మీద 'తాత్కాలికం' అని రాసి, మళ్ళీ పరీక్షకు రమ్మని గడువు ఎందుకు వేశారు? ఆలోగా నయమవుతుందని ఎవరైనా మొక్కుకున్నారా? మారే అవకాశం లేని వైకల్యానికి శాశ్వత పత్రమే ఇవ్వాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద 2017లో తెచ్చిన నియమాలు చెబుతున్నాయి.

నోటీసులో వేసిన తేదీ సరిగ్గా వరదల్లో పడింది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మా కాజ్‌వే అంతకుముందే మునుగుతుంది. రాకపోతే పింఛను ఆపేస్తామన్నారు కాబట్టి అమ్మా చిన్నాన్నా నన్ను చక్రాల కుర్చీతో సహా పడవ ఎక్కించారు. చలి వేసినా భయం వేసినా నా కండరాలు కట్టెల్లా బిగుసుకుపోతాయి. ఆ పొద్దున పడవలో రెండూ ఉన్నాయి.

ఆసుపత్రిలో వేలిముద్ర యంత్రం. నా బొటనవేలు పిడికిలి లోపలికి పోయి ఉంది. అమ్మ గోరువెచ్చటి నీళ్ళతో తడిపి, నెమ్మదిగా రాస్తూ వేలు విప్పేది. యంత్రం దాకా తెచ్చేలోపే అది మళ్ళీ ముడుచుకునేది. వెనక వరుసలో గొణుగుడు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి మంచివాడు, ఓపిక పట్టాడు. యంత్రం పట్టలేదు.

మధ్యాహ్నానికి ఒళ్ళు కాస్త వదిలింది. అదే నా కొంప ముంచింది. వైద్యులు నిలబడమంటే బల్ల పట్టుకుని, అమ్మ మీద వాలి నాలుగడుగులు వేశాను. ఇంట్లో అలా వేసిన రోజు మాకు పండగ. అక్కడ 'నడుస్తున్నాడు కదా' అని రాసుకున్నారు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నా మాట ముద్దగా వస్తుంది, వినడానికి కొంచెం తీరిక కావాలి. అన్నీ అమ్మనే అడిగారు, 'వీడికి తెలివి ఉందా?' అన్నది కూడా, నా ఎదుటే. దూరవిద్యలో డిగ్రీ చేశానండీ. ఈ లేఖ కూడా ఎడమచేతి చూపుడువేలితో నేనే ఫోనులో కొడుతున్నాను.

ఆ రాతతో నా 15,000 రూపాయల నెల పింఛను 6,000కు దిగింది. నన్ను ఎత్తాలి, స్నానం చేయించాలి, అన్నం కలిపి పెట్టాలి. అందుకే అమ్మ కూలి పని మానుకుంది. ఆ తొమ్మిది వేలు ప్రభుత్వానికి మిగులు కావచ్చు, మాకు అది ఆమె కూలి. ఫిట్స్ మందులు ఇప్పుడు అరువు మీద తెస్తున్నాం.

లంకలకు వైద్యులు రాలేరని మాత్రం చెప్పకండి. 2024 ఎన్నికల్లో నా ఓటు కోసం అధికారులు పెట్టె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. పింఛను ఇవ్వడానికి సచివాలయం ఉద్యోగి ఒకటో తేదీకల్లా వస్తారు. ఓటుకూ డబ్బుకూ దొరికిన దారి స్టెతస్కోపుకు ఎందుకు దొరకదు? దయచేసి మంచం మీద ఉన్నవారిని ఇంటికొచ్చి చూడమనండి. మాకు శాశ్వత పత్రాలు ఇప్పించండి. నా అప్పీలు తేలేదాకా పాత పింఛనే ఇప్పించండి.

మా వీధి చివర ఇంకో పాప ఉంది. నాలాంటిదే, మెడ కూడా నిలవదు. నిన్న ఆమెకూ నోటీసు వచ్చింది. ఏ రోజు తీసుకెళ్ళాలి, ఎలా తీసుకెళ్ళాలి అని వాళ్ళమ్మ నన్ను అడుగుతోంది. ఏమి చెప్పమంటారు?

ఇట్లు,
మీ పింఛనుదారు