సముద్ర శాస్త్ర ఫెలోషిప్పులు తిరిగి వచ్చినవారి సంగతీ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విద్యావకాశాల పేజీలో వైద్యం, ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్ కోర్సుల ఉపకార వేతనాల వివరాలు క్రమం తప్పకుండా వస్తున్నాయి. సముద్ర శాస్త్రానికి, తీరప్రాంత అధ్యయనానికి ఇచ్చే ఫెలోషిప్పుల ప్రస్తావన మాత్రం ఎప్పుడో గానీ కనిపించదు. కనిపించినా అప్పటికి దరఖాస్తు గడువు రెండు మూడు రోజులే మిగిలి ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా సముద్ర రసాయన శాస్త్రం బోధించి, ఇలాంటి ఫెలోషిప్పుల కోసం ఎందరో విద్యార్థులకు సిఫారసు లేఖలు రాసిన అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

అవకాశాలు అసలే లేవనడం సరికాదు. 1999లో ఏర్పడిన పోగో అనే ప్రపంచ సముద్ర పరిశీలన సంస్థల కూటమి, 1957 నుంచి పనిచేస్తున్న స్కోర్ అనే అంతర్జాతీయ శాస్త్రీయ సంఘంతో కలిసి, వర్ధమాన దేశాల యువ పరిశోధకులను ఒకటి నుంచి మూడు నెలల పాటు మరో దేశపు ప్రయోగశాలకు పంపే ఫెలోషిప్పులు చాలా ఏళ్లుగా ఇస్తోంది. జపాన్‌కు చెందిన నిప్పాన్ ఫౌండేషన్ 2004 నుంచి, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో, సముద్రగర్భ పటాల తయారీపై ఏడాది శిక్షణకు డబ్బు సమకూరుస్తోంది. అక్కడ చదువుకున్న వివిధ దేశాలవారు ఒక జట్టుగా ఏర్పడి, లోతైన సముద్రగర్భాన్ని మనుషుల్లేని పరికరాలతో కొలిచే అంతర్జాతీయ పోటీలో 2019లో మొదటి బహుమతి గెలుచుకున్నారు. కొద్దిమందికి ఇచ్చిన శిక్షణ ఆ ఏడాదితోనే ముగిసిపోకుండా, ఆ మనుషులను ఒకరికొకరు తోడుగా ఉంచితే ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

అయితే మొత్తం సొమ్ము చాలా తక్కువ. యునెస్కో సముద్ర విభాగం 2020లో వెలువరించిన ప్రపంచ సముద్ర శాస్త్ర నివేదిక ప్రకారం, దేశాలు పరిశోధనకు పెడుతున్న ఖర్చులో సముద్ర శాస్త్రానికి దక్కుతున్నది సగటున 1.7 శాతం. భూగోళంలో 71 శాతాన్ని కప్పి ఉన్న నీటికి, మనం విడుదల చేసిన వాయువుల వల్ల పోగైన అదనపు వేడిలో 90 శాతానికి పైగా తనలో దాచుకున్న నీటికి, ఈ వాటా ఏ లెక్కన సరిపోతుందో నాకు అర్థం కాదు. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 వరకు సముద్ర శాస్త్ర దశాబ్దంగా ప్రకటించింది. 2023 జూన్‌లో ఆమోదం పొందిన మహాసముద్రాల జీవవైవిధ్య ఒప్పందంలో సామర్థ్యాల పెంపుదలకు, పరిజ్ఞాన బదిలీకి ఒక భాగమే కేటాయించారు. ఈ మాటలను ఆచరణలో పెట్టాల్సినది నిధులే.

నన్ను ఎక్కువగా బాధిస్తున్నది మరొకటి. నా విద్యార్థిని ఒకామె విదేశీ ఫెలోషిప్పు మీద వెళ్లి, సముద్రపు నీటి క్షారతను, అందులో కరిగి ఉన్న కార్బన్‌ను కచ్చితంగా కొలవడం నేర్చుకుని వచ్చింది. వాతావరణంలోకి మనం వదులుతున్న కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతు సముద్రం పీల్చుకుంటోంది కనుక, ఆ నీరు ఏ మేరకు ఆమ్లత వైపు జరుగుతోందో తెలుసుకోవడానికి ఈ కొలతలే ఆధారం. ఆమె తిరిగి వచ్చి చేరిన సంస్థలో ఆ పరికరం లేదు. ఏడాదిన్నర తర్వాత పరికరం వచ్చింది గానీ, దాని కొలత సరైనదో కాదో సరిచూసుకోవడానికి కావలసిన ప్రామాణిక నీటి సీసాలు కొనడానికి బడ్జెట్‌లో పద్దు లేదు. ఆ సీసాలను దశాబ్దాలుగా ప్రపంచంలో చాలామందికి సరఫరా చేస్తున్నది అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర శాస్త్ర సంస్థలోని ఒకే ఒక ప్రయోగశాల. మహమ్మారి కాలంలో అక్కడి పని దెబ్బతిన్నప్పుడు సంపన్న దేశాల పరిశోధకులే ఇబ్బంది పడ్డారంటే, పద్దే లేనివారి స్థితి వేరే చెప్పనక్కరలేదు. ఆ అమ్మాయి తీరం నుంచి తెచ్చి, పాడవకుండా మెర్క్యూరిక్ క్లోరైడ్ కలిపి, మూతలు బిగించి వరుసగా పెట్టిన నమూనాలు చాలాకాలం అలమరాలోనే ఉండిపోయాయి. చివరికి ఆమె సముద్రంతో సంబంధం లేని ఉద్యోగంలో చేరింది. ఆమెను నేను తప్పు పట్టలేను.

మనిషిని పంపడానికి, అక్కడ ఉంచడానికి దాతలు ఖర్చు పెడుతున్నారు. తిరిగి వచ్చిన తర్వాతి రెండు మూడేళ్లకు చిన్న మొత్తం, అంటే పరికరాల మరమ్మతుకు, రసాయనాలకు, పడవ అద్దెకు, ఒక సహాయకుడి జీతానికి సరిపోయేంత, అదే ఫెలోషిప్పులో భాగంగా ఇస్తే అంతకుముందు పెట్టిన ఖర్చు వృథా పోదు. తీరప్రాంత శాస్త్రానికి ఇది మరీ అవసరం. ఆర్గో కార్యక్రమం కింద సుమారు 4,000 తేలియాడే పరికరాలు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలుస్తున్నాయి. కానీ అవి లోతైన సముద్రం కోసం రూపొందినవి. నదీముఖాల్లో, మడ అడవుల్లో, పగడపు దిబ్బల మీద, ఒడ్డును ఆనుకున్న లోతు తక్కువ నీటిలో ఆ పని అక్కడే ఉండే మనుషులు చేయాలి, అదీ ఏళ్ల తరబడి చేయాలి.

ఏళ్ల తరబడి చేసే పనికే డబ్బు దొరకదు. స్క్రిప్స్‌కు చెందిన చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద మొదలుపెట్టిన కార్బన్ డయాక్సైడ్ కొలతలు ఈనాడు ప్రతి పాఠ్యపుస్తకంలో ఉన్నాయి. ఆ కొలతలతో గీసిన రేఖలో 1964లో కొన్ని నెలల ఖాళీ కనిపిస్తుంది. దానికి కారణం నిధుల కోత. వాణిజ్య నౌకల వెనుక కట్టిన పెట్టెతో 1931 నుంచి ప్లవకాలను, అంటే నీటిలో కొట్టుకుపోయే చిన్న చిన్న జీవులను, సేకరిస్తున్న సర్వేకు సైతం విలువ వచ్చింది అది ఆగకుండా సాగినందువల్లే. దరఖాస్తుల పరిశీలకులు మాత్రం ‘ఇందులో కొత్తదనం ఏమిటి’ అన్న ప్రశ్నతోనే మొదలుపెడతారు. నిరుడు కొలిచిన చోటే ఈ ఏడూ కొలుస్తానని రాసిన యువకుడికి ఆ ప్రశ్న దగ్గరే దారి మూసుకుపోతోంది.

దరఖాస్తు నిబంధనల్లోనూ మార్చవలసినవి ఉన్నాయి. విమాన టికెట్టు ముందు కొనుక్కుంటే తర్వాత డబ్బు తిరిగి ఇస్తామనే పద్ధతి చేతిలో సొమ్ము లేనివారిని వెనక్కి పంపేస్తుంది. వయఃపరిమితి వల్ల పిల్లల పెంపకం కోసం కొన్నేళ్లు ఆగిన మహిళలు ఎక్కువగా నష్టపోతున్నారు. పరికరాలను నడిపే, బాగుచేసే సాంకేతిక సిబ్బందికి ఫెలోషిప్పులు దాదాపు లేవు, వారు లేకుండా ఏ నౌకా కొలతలు తీసుకురాలేకపోయినా.

మీ పత్రికకు నా విన్నపం ఇది. సముద్ర, తీరప్రాంత ఫెలోషిప్పుల వివరాలను గడువుకు కనీసం మూడు నెలల ముందు ప్రచురించండి, ఎందుకంటే ఆతిథ్యమిచ్చే ప్రయోగశాల అంగీకారపత్రం సంపాదించడానికే అంత సమయం పడుతుంది. ప్రకటనతో పాటు రెండు సంగతులు తప్పక రాయండి: ఖర్చులు ముందే ఇస్తారా, తిరిగి వచ్చాక పని కొనసాగించడానికి ఏమైనా ఇస్తారా అన్నవి. అభ్యర్థులకు ఆ సమాచారం ఉపయోగపడుతుంది. రెండో దానికి ‘లేదు’ అని ప్రతిసారీ అచ్చులో చూస్తే, నిధులిచ్చేవారు ఆ నిబంధనను మళ్లీ పరిశీలించే అవకాశమూ ఉంది.

భవదీయురాలు,
విశ్రాంత సముద్ర రసాయన శాస్త్ర అధ్యాపకురాలు