అమృతా షేర్‌గిల్‌కు అజంతా... మరి మన పిల్లలకు?

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ మీద వ్యాసం చదివాను. పారిస్ చదువు, ఫ్రెంచి చిత్రకారులు సెజాన్, గోగాఁల ప్రభావం, 1933లో అక్కడ వచ్చిన బంగారు పతకం అన్నీ విపులంగా రాశారు. అజంతాకు మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఇది అన్యాయమండీ. ఆమె బొమ్మ మలుపు తిరిగిందే అక్కడ. 1936 చివర్లో దక్షిణాది యాత్రకు బయల్దేరి, అజంతా గుహల్లోని బొమ్మలూ కొచ్చిలోని మట్టాంచేరి కోట గోడల మీది బొమ్మలూ చూశాకే కదా, 1937లో పెళ్లికూతురి అలంకరణ, బ్రహ్మచారులు, సంతకెళ్లే పల్లెజనం బొమ్మలు వేసింది!

అంత దూరం పోకుండానే మన పిల్లలకు లేపాక్షి ఉంది. వీరభద్రస్వామి గుడి పైకప్పు కింద నిలబడి తలెత్తి చూడండి. విజయనగర రాజు అచ్యుతరాయల కాలపు బొమ్మలవి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం. మగవాళ్ల నెత్తిన పొడుగు కుళ్లాయిలు. వరుసగా నిలబడ్డ ఆడవాళ్ల చీరలు చూస్తే ఒకరి డిజైన్ ఇంకొకరికి లేదు. ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను నిండుగా కనిపిస్తుంది. నాలుగైదు మట్టి రంగులే, కానీ ఆ నల్లటి గీత ఎక్కడా తడబడదు. ఏళ్ల తరబడి డ్రాయింగ్ చెప్పినవాణ్ణి, గీత నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి నాకు తెలియదు.

వచ్చినవాళ్లేమో నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి, ఫోటో దిగి, బసవన్న దగ్గర ఇంకో ఫోటో దిగి వెళ్లిపోతారు. పైన రంగు వెలిసి, పెచ్చులూడి, కొన్నిచోట్ల బొమ్మ ఆనవాలే దొరకడం లేదు. స్కూళ్లు పిల్లల్ని బెంగళూరు వాటర్ పార్కులకు తీసుకెళ్తాయి గానీ ఇక్కడికి తేవు. డ్రాయింగ్ పీరియడ్ వస్తే లెక్కల సారు వచ్చి కూర్చుంటాడు. పిల్లల్ని లేపాక్షి తీసుకెళ్లడానికి ఒక బస్సు ఇప్పించండని ఓ ఆఫీసుకు వెళ్తే, 'అది ఇప్పుడు మన జిల్లా కాదు కదా' అన్నారు. 2022లో జిల్లా విడిపోయి లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోతే బొమ్మలు కూడా పరాయివైపోయాయా? ఏ పనికి పోయినా అనంతపురంలో ఇదే జవాబు, వినీ వినీ విసుగొచ్చింది.

వచ్చే ఆదివారం ఆ పైకప్పు బొమ్మల్ని రంగుల్లో ఒక పూర్తి పేజీ వేయండి. తరగతి గోడకు అంటిస్తాం.

– ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టరు, అనంతపురం