ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ గురించి ఒక్క మాట

అందరూ ఒకసారి చదవండి ప్లీజ్. నిన్న నాన్న కరెంటు బిల్లు కడుతున్నారు, సరిగ్గా పిన్ కొట్టే టైంలో పైనుంచి ఏదో ఆఫర్ మెసేజ్ దిగింది, వేలు దాని మీద పడి ఇంకేదో పేజీ తెరుచుకుంది, వెనక్కొచ్చేసరికి డబ్బులు కట్టానా లేదా అన్నది ఆయనకే గుర్తులేదు పాపం. మళ్లీ మొదట్నుంచి. ఇది తెలివి తగ్గడం కాదండీ, వయసు పెరిగేకొద్దీ అక్కర్లేనిదాన్ని పక్కకు నెట్టి ఒక్క పని మీదే ధ్యాస నిలపడం కష్టమవుతుంది, మధ్యలో ఆగిన పనిని మళ్లీ అందుకోవడం ఇంకా కష్టం. పక్కన నిలబడి "అక్కడ కాదు, ఇక్కడ నొక్కు" అని మనం తొందరపెడితే ఉన్న ధ్యాస కూడా పోతుంది, నేనూ అదే చేసేదాన్ని, ఇప్పుడు మానేశా.

సెట్టింగ్స్‌లో అక్కర్లేని నోటిఫికేషన్లు ఆపేయండి, అక్షరాలు పెద్దవి చేయండి, ఆండ్రాయిడ్ అయితే యాక్సెసిబిలిటీలో టచ్ అండ్ హోల్డ్ టైం పెంచితే వేలు కాస్త ఎక్కువసేపు ఆనినా వేరే మెనూలు రావు. ఇంకోటి, డబ్బులు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు అని వాళ్లకి గట్టిగా చెప్పండి. మోసం జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆ నంబర్ వాళ్ల ఫోన్లో ఇవాళే సేవ్ చేసిపెట్టండి.