జెత్రో టల్‌కు నాలుగు లైన్లేనా సార్?

ఎడిటర్ గారికి నమస్తే.

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ల మీద పేజీ నిండా వేసిండ్రు, సంతోషం. తెలుగు పేపర్లో ప్రోగ్ రాక్ (పొడుగు పాటలు, కథలు ఉండే రాక్) అనే మాట కనబడేసరికి నేను చాయ్ చల్లారబెట్టుకొని మరీ చదివిన, చదివి మా బావకు ఫోన్ చేస్తే ఆయన అప్పటికే చదివి నాకన్న ముందే గరమై ఉన్నడు. పింక్ ఫ్లాయిడ్‌కు సగం పేజీ ఇచ్చిండ్రు, ఇయ్యండి, మాకేం కడుపుమంట లేదు. కానీ జెత్రో టల్‌కు నాలుగంటె నాలుగే లైన్లు, అందులో కూడా ఆక్వాలంగ్ అనే కాన్సెప్ట్ ఆల్బంతోటి (పాటలన్నీ కలిసి ఒకటే కథ చెప్పేటిది) పేరొచ్చింది, ఆ తర్వాత పస తగ్గింది అని కథ ముగించేసిండ్రు. పస తగ్గిందని ఎవరు చెప్పిండ్రు సార్ మీకు?

మేం నలుగురం. ముప్ఫై ఏండ్ల కింద ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కాడ ఇంగ్లిష్ మ్యూజిక్ మ్యాగజైన్లు ఏరుకుంటుంటె ఒకరికొకరం తగిలినం. అప్పుడు ఒకరి దగ్గర క్యాసెట్ ఉంటే మిగిలిన ముగ్గురికి కాపీలు పోయేటివి, నా కాపీలో సగం పాటలు ఫ్యాన్ చప్పుడుతోటే ఉండేటివి. ఇప్పటికీ మారేడ్‌పల్లిలో మా బావ ఇంట్లో నెలకొక ఆదివారం కూర్చుంటం, ఉస్మానియా బిస్కెట్లు అయిపోతయి కానీ ఏ ఆల్బం గొప్పది అనే పంచాయితీ అయిపోదు. ఒక్క బ్యాండు మీద నలుగురం నాలుగు తీర్ల కొట్లాడుకుంటున్నం అంటెనే ఒక్క ఆల్బంతో లెక్క తేలేటిది కాదని అర్థం కదా.

ముందు ఆ కాన్సెప్ట్ ముచ్చట. ఆక్వాలంగ్ 1971లో వచ్చింది. బ్యాండులో పాడేటోడు, ఫ్లూట్ ఊదేటోడు ఇయాన్ ఆండర్సన్. ఆయన భార్య జెన్నీ ఫొటోగ్రఫీ చదువుకునేటప్పుడు ఇల్లు లేని మనుషుల ఫొటోలు తీస్తే, వాటిని చూసి ఇద్దరు కలిసి ఆ మొదటి పాట రాసిండ్రు, అట్ట మీద చిరిగిన కోటు ముసలాయన అందుకే ఉంటడు. ఒక సైడు అసొంటి మనుషులు, రెండో సైడు దేవుడు, చర్చి, మతం. దాంతో విన్నోళ్లందరు ఇదంతా ఒకటే కథ అనుకున్నరు. కాదు మొర్రో, కొన్ని పాటలకే సంబంధం ఉంది అని ఆండర్సన్ అప్పటి నుంచి చెప్తనే ఉన్నడు, ఎవరూ వినలే, మీరూ వినలే.

ఎంత చెప్పినా వినకపోయేసరికి ఆయన ఏం చేసిండంటె, మీకు కాన్సెప్ట్ ఆల్బమే కావాల్నా అయితే తీసుకోండి అని 1972లో థిక్ యాజ్ ఎ బ్రిక్ చేసిండు. రెండు సైడ్లు కలిపి నలభై నిమిషాలు దాటుతది, మొత్తం ఒకటే పాట. ఎనిమిదేండ్ల పిలగాడు జెరాల్డ్ బోస్టాక్ రాసిన కవితకు మేం ట్యూన్ కట్టినం అన్నరు, ఆ పిలగాడు ఉత్తదే, కానీ నిజంగ ఉన్నడని నమ్మినోళ్లు చానా మంది. ఇగ ఇప్పుడు చెప్పేది మీరు జర చెవి పెట్టి వినాలె సార్. ఆ ఎల్పీ అట్ట ఏంటిదో తెలుసా? న్యూస్ పేపర్! సెయింట్ క్లీవ్ అనే లేని ఊరి పేరు మీద 12 పేజీల పేపరు, అందులో లోకల్ వార్తలు, చిన్న ప్రకటనలు, పదకేళి, చుక్కలు కలిపే బొమ్మ, అన్నీ ఉంటయి. పిలగాడి కవితకు ప్రైజ్ ఇచ్చి గొడవైతే వాపస్ తీసుకున్నరనేదే మొదటి పేజీ వార్త. పాట రికార్డు చేసుడు కన్న ఆ పేపరు తయారు చేసుడే ఎక్కువ టైం పట్టిందని ఆండర్సన్ చెప్పిండు. వెక్కిరింపుకు చేసిన ఆ ఆల్బం అమెరికాల నంబర్ వన్‌కు పోయింది. పేపరోళ్లై ఉండి పేపరు వేషం వేసుకున్న ఆల్బంను మీరే వదిలేస్తే ఎట్ల?

మా బావ ఓటు దానికే. పిల్లనిచ్చినోళ్ల ఇంటికొచ్చినట్టు ఆ ఎల్పీని జాగ్రత్తగ తీస్తడు, తుడుస్తడు, మొదటి సైడు అయినంక తిప్పేదాంక ఎవ్వరం మాట్లాడొద్దు.

మెట్టుగూడలో ఉండే మా రైల్వే అన్న మాత్రం 1973 ఆల్బం ఎ ప్యాషన్ ప్లే అంటడు. చచ్చిపోయిన మనిషి అవతలి లోకంలో తిరిగే కథ, మళ్ల మొత్తం ఒకటే పాట, దాని నట్టనడుమ కండ్లద్దాలు పోగొట్టుకున్న చెవులపిల్లి కథ ఒకటి నాటకం లెక్క చదువుతరు. అప్పటి రివ్యూ రాసేటోళ్లు దాన్ని ఉతికి ఆరేసిండ్రు. అయినా అదీ అమెరికాల నంబర్ వన్. నాకు ఆ చెవులపిల్లి దగ్గరికి రాంగనే చిరాకు లేస్తది, అన్నను అడిగితే నువ్వు పది సార్లు వినలే అందుకే అంటడు, నేను ఇరవై సార్లు విన్న.

నాలుగో మనిషి మా వీధిలో వేణువు నేర్పే మాస్టారు. ఆయనకు ఆల్బంలతో పని లేదు, ఆ ఫ్లూటే కావాలె. ఊదుకుంటనే గొంతుతోటి కూడా అనుడు, బుస కొట్టుడు, మధ్యమధ్య అరుసుడు, మొదట్లో విని ఇది వాయించుడు కాదు వాయిద్యంతో కొట్లాట అన్నడు. 1969లో వచ్చిన స్టాండప్ ఆల్బంలో పాతకాలం జర్మన్ సంగీతకారుడు బాఖ్ ట్యూన్ ఒకటి తీసుకొని జాజ్ లెక్క తిప్పిన ‘బూరే’ అనే పీసు విన్నంక కొంచెం మెత్తబడ్డడు. ఆండర్సన్ ఫ్లూట్ ఎవరి దగ్గర నేర్చుకున్నోడు కాదు, గిటార్ వాయించేటోడు, పేరున్న గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ లెక్క తను ఎన్నటికీ వాయించలేనని గిటార్ ఇచ్చేసి బదులు ఫ్లూట్ తెచ్చుకున్నడు. ఇరవై ఏండ్లు దాటినంక ఆయన బిడ్డ ఫ్లూట్ క్లాసులకు పోతుంటే అప్పుడు బయటపడ్డది తండ్రి వేళ్లు పెట్టుడే తప్పు అని, మళ్ల మొదటి నుంచి నేర్చుకున్నడు. ఈ ముచ్చట మాస్టారుకు ఎంత నచ్చిందంటె కొత్తగ చేరిన ప్రతి శిష్యుడికి చెప్తడు. ఆండర్సన్ ఒంటికాలు మీద నిలబడి ఊదుతడు కాబట్టి మన కృష్ణుడే అని ఎవరన్న అంటే మాత్రం మాస్టారు ఊకోడు, కృష్ణుడి రెండు కాళ్లు నేల మీదనే ఉంటయి, ఒకటి అడ్డంగ పెడతడు అంతే అంటడు.

మా బావ బిడ్డ, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్, అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటది. దానికి స్టీవెన్ విల్సన్ అనే ఇంగ్లిష్ మ్యూజిషియన్ మళ్ల మిక్స్ చేసిన వెర్షన్లే కావాలె, ఫోన్లో వింటది, మామా మీ క్యాసెట్లలో బేస్ గిటార్ ఉన్నట్టే తెల్వదు అని నవ్వుతది. నిజమే, నాకు దాని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నంకనే తెలిసింది. పోనీ 1984లో వచ్చిన అండర్ వ్రాప్స్ విను అంటే, డ్రమ్స్ బదులు మిషన్ పెట్టిన ఆ ఆల్బంను అదొక్కతే బాగుంది అంటది, మా నలుగురికి మాత్రం అది వద్దే వద్దు, ఆ టూర్‌లోనే ఆండర్సన్ గొంతు పోయింది, మళ్ల పాత గొంతు రాలే.

ఇగ నా ఓటు. హెవీ హార్సెస్, 1978. చెప్తే అందరు నవ్వుతరు. అసలు జెత్రో టల్ అంటె ఎవరో తెలుసా సార్, 1701లో ఇంగ్లండ్‌లో విత్తనాలు సాళ్లలో వేసే మిషన్ కనిపెట్టిన రైతు, అంతకుముందు అక్కడ చేత్తో చల్లేటోళ్లు. గుర్రంతో గుంటక కొట్టుడు మీద పుస్తకం కూడా రాసిండు. మా నల్లగొండ దిక్కు ఊళ్లో ఆ పని గొర్రు చేసేది, తాత గొర్రు పట్టి తోలుతుంటె నాయనమ్మ వెనక నడుసుకుంట జడ్డిగంలో గింజలు పోసేది. బ్యాండు కొత్తల్ల ప్రోగ్రాంలు ఇప్పించే ఏజెన్సీ ఆఫీసోళ్లు బ్యాండుకు వారానికొక పేరు పెట్టుకుంట పోతుంటె ఈ రైతు పేరు పెట్టిన వారమే క్లబ్బు వాళ్లు మళ్ల రమ్మన్నరు, ఆ పేరే ఉండిపోయింది. పదేండ్లకు అదే బ్యాండు ట్రాక్టర్లు వచ్చినంక పని లేకుండ పోయిన దుక్కి గుర్రాల మీద తొమ్మిది నిమిషాల పాట చేసింది. ఇంగ్లండ్‌లో అప్పుడు పంక్ జోరు, మూడు నిమిషాల పాట, చిరిగిన బనీను, వీళ్లేమో గుర్రాల జాతుల పేర్లు చెప్పుకుంట వయొలిన్ పెట్టుకుంట కూర్చున్నరు. మా తాత ఎద్దులను అంగడికి తోలకపోయిన పొద్దు ఇంట్లో ఎవరూ అన్నం తినలే, నాకు అప్పుడు పదకొండేండ్లు. ఆ పాటలో నడుమ జోరు పెరిగి మళ్ల నెమ్మదిస్తది చూడండి, ఆడికి రాంగనే నేను బావ ఇంట్లో నుంచి లేచి బాల్కనీలకు పోత. మ్యూజిక్ లెక్కన చూస్తే బ్రిక్ గొప్పది కావచ్చు, బావతో ఇప్పటిదాంక ఒప్పుకోలే, మీ ముందు ఒప్పుకుంటున్న.

ఆండర్సన్ తర్వాత స్కాట్లండ్‌లోని స్కై దీవిలో సాల్మన్ చేపల పెంపకం కూడా చేసిండు, ఈ ముక్క వేసినా మీకు భీమవరం దిక్కు నాలుగు కాపీలు ఎక్కువ పోతుండె.

పస తగ్గిందన్నరు కదా, 1987లో చేసిన క్రెస్ట్ ఆఫ్ ఎ నేవ్‌కు 1989లో హార్డ్ రాక్, మెటల్ గ్రామీ అవార్డు వచ్చింది, అదీ పెద్ద మెటల్ బ్యాండు మెటాలికాను కాదని. వస్తదనే నమ్మకం లేక వీళ్లు ఫంక్షన్‌కే పోలే. అది మెటల్ ఆల్బమా అంటె కాదు, ఫ్యాన్లకే నవ్వొచ్చింది, మెటాలికా ఫ్యాన్లైతే ఇప్పటికీ తిడతరు. 1992లో మెటాలికాకు గ్రామీ వస్తే స్టేజీ మీద ఈ ఏడు ఆల్బం వేయనందుకు జెత్రో టల్‌కు థ్యాంక్స్ అన్నరు. 2023లో కూడా కొత్త ఆల్బం వచ్చింది, ఆండర్సన్‌కు అప్పటికి డెబ్బై ఐదు.

కాబట్టి ఈసారి ఇంకో నాలుగు లైన్లు కాదు, కనీసం పావు పేజీ ఇయ్యండి, ఆక్వాలంగ్ ముందర కాన్సెప్ట్ అనే మాట తీసేయండి, ఆ పేపర్ అట్ట ఫొటో మాత్రం పెద్దగ వేయండి, పదకేళి కనబడాలె. ఫొటో కావాలంటె మా బావ దగ్గర ఎల్పీ ఉంది, మీ ఫొటోగ్రాఫర్‌ను ఏ ఆదివారమైన పదకొండింటికి పంపండి. చేతులు కడుక్కున్నంకనే ముట్టనిస్తడు, ముందే చెప్తున్న.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
అల్వాల్, సికింద్రాబాద్