వెంటెడ్ క్యాప్ ఆర్డర్ పెట్టేముందు ఒక మాట

మా దగ్గర ఫ్యూయల్ క్యాప్‌లు (పెట్రోల్ ట్యాంకు మూతలు) కొనే, కిట్‌తో సొంతంగా విమానం కట్టుకునే బిల్డర్లందరికీ నమస్కారం.

ఇకపై వెంటెడ్ క్యాప్ (ట్యాంకులోకి గాలి వెళ్ళే ట్యూబ్ ఉన్న మూత) ఆర్డర్ రాగానే ప్యాక్ చేసి పంపడం లేదు. ముందు మిమ్మల్ని ఒకటే అడుగుతాం: మీ ట్యాంకులోకి గాలి ఎటు నుంచి వస్తోంది? జవాబు వచ్చాకే పార్సిల్ కదులుతుంది. "డబ్బు కట్టాను, క్యాప్ పంపండి, మిగతాది నేను చూసుకుంటాను" అని రాసినవాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి విమానం కట్టి, చివరికి ఒక మూత కోసం ఆగాల్సి వస్తే ఎవరికైనా కోపం వస్తుంది. అయినా ఈ ఒక్క విషయంలో మేం పట్టు విడవం.

నూనె డబ్బాకు ఒకటే చిల్లు పెడితే ధార గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది. రెండో చిల్లు పెడితేనే సాఫీగా వస్తుంది. ట్యాంకుకు వెంట్, అంటే గాలి వెళ్ళే దారి, ఆ రెండో చిల్లు. అది మూసుకుపోతే ఇంజిన్ పెట్రోల్ తాగుతున్న కొద్దీ ట్యాంకులో పీడనం పడిపోతుంది. పంప్ ఉన్న విమానంలో అది కొంతసేపు బయటపడదు. పంప్ లాగుతూనే ఉంటుంది, పల్చటి ట్యాంకు గోడలు లోపలికి ముడుచుకుపోతాయి. పంప్ లేని హై-వింగ్ (రెక్క పైన ఉండే) విమానంలో అంత గడువు కూడా ఉండదు. ట్యాంకు కార్బురేటర్ కంటే 45 సెంటీమీటర్లు ఎత్తున ఉందనుకుంటే, పెట్రోల్‌ను కిందికి నెట్టేది అర పి.ఎస్.ఐ. కన్నా తక్కువే. ఇంజిన్‌ను నడిపించేదల్లా ఆ కాస్త బలమే.

ఇప్పుడు వేగం సంగతి చూద్దాం. సముద్రమట్టం దగ్గర 100 నాట్ల వేగంలో ఎదురుగాలి పీడనం సుమారు 1,600 పాస్కల్స్. అది 23 సెంటీమీటర్ల ఎత్తు పెట్రోల్ కలిగించే పీడనంతో సమానం. క్యాప్ మీద ఉండే వంపు ట్యూబ్ ముందుకు చూస్తుంటే ఆ గాలి ట్యాంకులోకి తోసి మనకు సాయం చేస్తుంది. అదే క్యాప్‌ను అటుదిటు తిప్పి బిగిస్తే తోపు పోయి లాగుడు మొదలవుతుంది. పైగా రెక్క పైభాగంలో పీడనం ఎలాగూ తక్కువే. రెక్క చదరపు మీటరుకు 60 కిలోలు మోస్తోందంటే, దాని పైకీ కిందికీ మధ్య సగటు తేడా ఎనిమిది సెంటీమీటర్ల పెట్రోల్‌తో సమానం. ఆ తేడాలో ఎక్కువ భాగం పైవైపు లాగుడే. సాధారణంగా క్యాప్ ఉండే ముందు భాగంలో అది సగటుకన్నా గట్టిగా ఉంటుంది. ఉన్న 45 సెంటీమీటర్లలోంచి ఇవన్నీ తీసేసి చూడండి. అదీ ఇంజిన్ ఫుల్ పవర్‌లో ఉండి, ముక్కు పైకెత్తి ఎక్కుతున్నప్పుడు.

నాకు టెన్షన్ పెట్టేది ఇదే. క్యాప్ తిరగబడినా నేల మీద ఏ తేడా కనబడదు. ఇంజిన్ చక్కగా స్టార్ట్ అవుతుంది, రన్-అప్ (టేకాఫ్‌కు ముందు ఇంజిన్ పరీక్ష) బాగుంటుంది, ట్యాక్సీలో ఏ ఇబ్బందీ రాదు. వేగం అందుకున్నాకే అసలు సంగతి తెలుస్తుంది. రెండు ట్యాంకులు కలిసి పారే సెటప్‌లో ఒక క్యాప్ ముందుకు, ఇంకొకటి వెనక్కి చూస్తే ఒకవైపు పెట్రోల్ తగ్గిపోతూ రెండోవైపు కదలకుండా ఉంటుంది. కొన్నిసార్లు ఇటుది అటు చేరి, నిండిన ట్యాంకు వెంట్‌లోంచి బయటికి పోతుంది కూడా.

అందుకే కొత్త బ్యాచ్ నుంచి వెంటెడ్ క్యాప్ అడుగున ఒక చిన్న పిన్ను పెడుతున్నాం. ఫిల్లర్ రింగులో (ట్యాంకు మీద క్యాప్ కూర్చునే రింగు) దానికి ఒకటే గాడి. ట్యూబ్ ముందుకు చూస్తేనే పిన్ను గాడిలో కూర్చుంటుంది, లేకపోతే క్యాప్‌ను బిగించే లివర్ మడతపడదు. వేలితో తడిమినా తెలిసేలా ట్యూబ్ మూతిని 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తున్నాం. ట్యూబ్ వెనకవైపు, మూతికి దూరంగా, ఇంకో సన్నటి రంధ్రం ఉంటుంది. మంచు పట్టి మూతి మూసుకుపోతే కొంత గాలైనా ఆ దారిన లోపలికి వెళ్తుంది. ఇందులో మీకు నచ్చని విషయం ఒకటుంది: కొత్త క్యాప్ పాత రింగుకు సరిపోదు. రింగు కూడా మార్చుకోవాలి. ట్యాంకు ఇప్పటికే సీల్ చేసేసినవాళ్ళకు అది పెద్ద పనే. అలాంటివాళ్ళకు పాత డిజైన్ పంపుతాం, కానీ రెక్క మీద దిశ గుర్తు వేయించుకున్న ఫోటో చూశాకే.

నిజానికి వెంటెడ్ క్యాప్ అడిగేవాళ్ళలో చాలామందికి అది అక్కర్లేదు. వ్యాన్స్ ఆర్‌వీ కిట్ విమానాల్లో ఉన్నట్టు ట్యాంకు పైభాగం నుంచి వెంట్ లైన్ బయల్దేరి, ఫ్యూజలాజ్ (విమానం బాడీ) కిందికి దిగి, గాలికి ఎదురుగా తెరుచుకుంటే, పైన కావాల్సింది గట్టిగా మూసుకునే మామూలు క్యాపే. పైపర్ జె-3 కబ్ అనే పాత చిన్న విమానం ట్యాంకు మూతలోంచి గేజ్ తీగ (పెట్రోల్ మట్టం చూపే తీగ) పైకి పొడుచుకు రావడం చూసి, మూతలో రంధ్రం ఉండడమే పద్ధతి అనుకునేవాళ్ళున్నారు. ఆ ట్యాంకు విండ్‌షీల్డ్ ముందు ఉంటుంది, రెక్కలో కాదు. రెక్క పైన రంధ్రం ఉన్న మూత పెడితే పెట్రోల్‌ను గాలే పీల్చేస్తుంది.

వెంట్ లైన్ విషయంలో నేను పదేపదే అడిగేవి రెండే. లైన్ ఎక్కడా కిందికి జారి మళ్ళీ పైకి లేవకూడదు. ఆ వంపులో నీరో పెట్రోలో నిలిస్తే వెంట్ మూసుకుపోయినట్టే. బయటి మూతికి సన్నటి జాలీ ఉండాలి. మట్టిగూళ్ళు కట్టే కందిరీగలకు ఆ సైజు గొట్టం భలే ఇష్టం, విమానం కొన్నాళ్ళు కదలకుండా ఉంటే చాలు. అలాగని జాలీ ఉంది కదా అని చూడటం మానేయకండి, అదీ దుమ్ముతో మూసుకుపోతుంది.

ట్యాంకును అంచు దాకా నింపడం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. 100 లీటర్ల పెట్రోల్ 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 లీటర్లు పెరుగుతుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ చిన్న విమానాలకు పెట్టిన పాత పార్ట్ 23 నిబంధనలు, 2017లో కొత్తవి వచ్చేదాకా, ట్యాంకులో కనీసం 2 శాతం ఖాళీ ఉండాలనీ, వెంట్ ఆ ఖాళీ పైభాగం నుంచే మొదలవాలనీ చెప్పేవి. హోమ్‌బిల్ట్‌లకు (సొంతంగా కట్టుకున్న విమానాలకు) ఆ నియమం వర్తించదు, కానీ పెట్రోల్ ఎవరి ట్యాంకులోనైనా ఒకేలా వ్యాకోచిస్తుంది. మా ఫిల్లర్ మెడ లోపలికి కొంచెం పొడవుగా ఉండేది ఆ ఖాళీ కోసమే. ఇంకాస్త పడుతుందని దాన్ని కోయకండి.

ఆర్డర్లు ఆలస్యం కావడానికి అసలు కారణం ఓ-రింగులు, అంటే క్యాప్‌ను సీల్ చేసే రబ్బరు రింగులు. ఏవ్‌గ్యాస్ (విమాన పెట్రోల్) వాడేవాళ్ళకు నైట్రైల్ రబ్బరు బాగానే పనిచేస్తుంది. ఇథనాల్ కలిసిన కారు పెట్రోల్ పోసేవాళ్ళకు అది ఉబ్బుతుంది, లివర్ బిగుసుకుపోతుంది. ఆరిపోయాక కుంచించుకుపోయి గట్టిపడుతుంది. అప్పుడు క్యాప్ చుట్టూ గుంటలో నిలిచిన వాననీరు నేరుగా ట్యాంకులోకే. వాళ్ళకోసం ఫ్లోరోసిలికోన్ రింగులు తెప్పిస్తున్నాం. వాటికి ఖరీదు ఎక్కువ, సరుకు దొరకడం ఆలస్యం. అవి చేతికొచ్చేదాకా ఇథనాల్ వాడేవాళ్ళ ఆర్డర్లు ఆపి ఉంచుతున్నాం, తొందరపడి నైట్రైల్ వేసి పంపం. వేచి ఉండలేనివాళ్ళకు డబ్బు పూర్తిగా వాపసు ఇస్తాం.

క్యాప్ అందాక లీక్ చూడడానికి కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు. ఒక్క పి.ఎస్.ఐ. పీడనం అర చదరపు మీటరు రేకు మీద 350 కిలోల బరువుతో సమానం. ఖాళీ ట్యాంకు వెంట్ ఫిట్టింగుకు ఒక బెలూన్ తగిలించి కొద్దిగా గాలి నింపండి, క్యాప్ చుట్టూ సబ్బునీళ్ళు రాయండి. బుడగలు రాకుండా, బెలూన్ కుంగకుండా ఉంటే చాలు. ఎండా చలీ మారితే బెలూన్ సైజు దానంతటదే మారుతుంది, కాబట్టి నీడలో, ఉష్ణోగ్రత నిలకడగా ఉన్నప్పుడు చేయండి.

ఆర్డర్‌తో పాటు ఫిల్లర్ రింగు లోపలి కొలత, వెంట్ లైన్ మొదలయ్యే చోటు, బయట తెరుచుకునే చోటు కనబడేలా రెండు ఫోటోలు, ఏ పెట్రోల్ వాడతారో ఒక మాట రాసి పంపండి. ఇప్పటికే ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళు కొత్తగా ఆర్డర్ పెట్టక్కర్లేదు, పాత మెయిల్‌కే జవాబుగా పంపితే సరిపోతుంది.